నాకు ఈల వేయడం రాదు

రాత్రి రెండున్నరకి నజీఫే నా మణికట్టు పట్టుకుంది.
వదల్లేదు.
నాలుగు వేళ్ల గుర్తులు
గురువారం దాకా ఉన్నాయి నా చేతి మీద.

గిరెసున్ కొండల మీంచి అంబులెన్సులో గంటన్నర.
పక్కన అత్తగారు హవ్వా,
ఆవిడ ఒళ్లో ఇత్తడి గిన్నె,
గిన్నెలో ఎండి ముడుచుకున్న ఒక మొక్క,
కట్టెపుల్లలు బిగించిన పిడికిలిలా.
"నీళ్లల్లో వెయ్యమ్మా, అది విచ్చుకుంటే
ఇదీ విచ్చుకుంటుంది."
నేను కోన్యా మైదానం పిల్లని.
అక్కడా ఉంది ఈ మొక్క, ఫాతిమా తల్లి చెయ్యి అంటారు.
చదువుకున్నదాన్ని, నమ్మను.
వేశాను.

ఆమె భయం నొప్పికి కాదు.
నిరుడు ఇదే గదిలో
ఏడుపు వినపడని కాన్పు ఒకటి.
కేసు షీటులో అదొక గీత.
ఆమెకి మాత్రం
గోడ మీద పెచ్చు ఊడిన చోటు కూడా గుర్తుంది.

తెలిసినవన్నీ చేశాను.
పెద్ద లైటు ఆర్పాను, మానిటర్ గొంతు తగ్గించాను,
ఈ కొండల్లో పండే ఫిందిక్ గింజల నూనె వెచ్చబెట్టి
నడుం కింద అరచేతి మొదలుతో రుద్దాను.
వేడినీళ్ల కింద కూర్చోబెట్టాను.
వరండాలో పదకొండు సార్లు, ఈ చివరికీ ఆ చివరికీ.
"ముక్కుతో తీసుకో, నోటితో వదులు,
కొవ్వొత్తి వణకాలి, ఆరకూడదు."
తీసుకుంది. వదల్లేదు.
దొంగలు తిరిగే రాత్రి
లోపలి గడియ వేసుకున్నట్టు
ఊపిరి మీద కూర్చుంది.
నూనె కొంచెం పనిచేసింది, నీళ్లు కొంచెం.
కొంచెం కొంచెం కలిస్తే చాలా అవుతుందని పాఠం చెప్పారు మాకు.
ఆ రాత్రి కలవలేదు.

ఉక్కగా ఉందని కిటికీ తెరిచాను.
అంతే. అందులో నా తెలివేం లేదు.

పిట్ట అనుకున్నాను ముందు.
ఆ వేళప్పుడు, ఆ వానలో, ఏ పిట్ట?
కింద అంబులెన్సు పక్కన యూజెల్,
వేలు మడిచి నాలుక కింద పెట్టి.
మగవాళ్లని రానివ్వం ఈ వార్డులోకి,
ఐదు మంచాలు, నాలుగే తెరలు.
వాళ్ల ఊళ్లో ఈ కొండ మీంచి ఆ కొండకి
మాటలన్నీ ఈలల్లోనే పోతాయట.

"ఏమంటున్నాడు?"
"ఎండబెట్టిన గింజల మీద
పక్కింటివాళ్లు పట్టా కప్పారట."
ఇంకో ఈల.
"మూలదాన్ని గాలి ఎగరేసిందట."
నవ్వింది. ఆ గదిలో, ఆ గోడకెదురుగా.

బదులివ్వాలి. పెదాలు బీటలు.
తడి దూది అద్దాను.
మొదట ఉత్త గాలి, తర్వాత సన్నగా,
నొప్పి ఎక్కి వచ్చేవేళకి
పొడుగ్గా, పొడుగ్గా,
కొండ దిగేదాకా తెగని ఈల.
భుజాలు జారాయి.
నా మణికట్టు నాకు తిరిగొచ్చింది.
మూడు గంటలు నేను బతిమాలిన ఊపిరి
అది.

పెద్ద డాక్టరు తలుపు తీసి ఎవరిదా గోల అన్నాడు.
"పిట్టండీ" అన్నాను.
రెండో మంచం గుల్సెరెన్ తెర పక్కకి లాగి
"ఆపకండి, నాకూ అర్థం చెప్పండి" అంది.
నొప్పి నొప్పికీ చెప్పింది నజీఫే:
ఆవు పాలివ్వలేదట, చెప్పు ఒకటి బురదలో పోయిందట,
ఆకలేస్తోందట వెధవకి.

ఐదూ నలభైకి ఆడపిల్ల.
ఏడ్చింది. ఇంకా ఏడ్చింది.
ఎవరూ ఊరుకోబెట్టలేదు.

కింద అతనికి చెప్పాలి.
నజీఫే పెదాలు వణుకుతున్నాయి, ఈల పడటం లేదు.
నేనే వెళ్లి వేలు పెట్టుకున్నాను నోట్లో.
ఉమ్మి వచ్చింది.
హవ్వా నన్ను మోచేత్తో నెట్టి,
ముందుపన్ను లేని నోటితో, ఒక్కటే వేసింది.
కింద నిశ్శబ్దం.
తర్వాత వచ్చిన ఈలకి
నేను అర్థం అడగలేదు.

గిన్నె సంగతి పొద్దున గది ఊడ్చేటప్పుడు గుర్తొచ్చింది.
సగమే తెరుచుకుంది చెయ్యి.
ఇంకా తాగుతోంది నీళ్లు.