పదకొండు సెకన్లు

డేటన్‌లో ఆ చార్టర్ స్కూలు ఒకప్పుడు తివాచీల కొట్టు.
మంగళవారం రాత్రి బోర్డు మీటింగు.
డైరెక్టరు జీతానికి గీత గీసే తీర్మానం
ఇందాకే నెగ్గింది,
వచ్చే ఒప్పందం నుంచట.
ఇప్పటిదాన్ని నిన్ననే ఐదేళ్లకి పొడిగించారు.

మైకు ముందు ఓజెల్ ప్రూయిట్, బస్సు డ్రైవరు.
పాల బిల్లు వెనకాల పెన్సిల్ లెక్క:
మూడు వందల పన్నెండు మంది పిల్లలు,
ఒక్కో నెత్తి మీదా తొమ్మిది వందల డాలర్లు,
ఒక్క మనిషి జీతానికే.
"నా బస్సులో హీటరు లేదండీ.
ఊపిరి పట్టిన అద్దం మీద
కూడికలు రాస్తున్నారు పిల్లలు."

ఎవరో నవ్వారు.
గడియారంలో ఇంకా పదకొండు సెకన్లు.
వాటిని ఓజెల్ ఎవరికీ ఇవ్వలేదు.
చేతులు రుద్దుకుంటూ నిలబడ్డాడు,
జనవరి పొద్దున
ఇంజను అందుకునేదాకా
నిలబడ్డట్టు.