నొక్కు

జూలై చలి. ఫ్రాయ్ బెంతోస్‌లో నది మీద మంచు
పొద్దెక్కినా లేవలేదు.
ఒలెగారియో తన గుజ్జీని నెట్టుకుంటూ వచ్చాడు
నా షెడ్డు గడప దాకా.
రెండువందల ముప్పై కిలోల ఇటలీ ఇనుము,
అరవై తొమ్మిదిలో పుట్టింది,
కిక్కు లేని బండి. తాళంచెవి తిప్పితేనే లేస్తుంది.

ఆ తిప్పడమే ఇప్పుడు కుదరట్లేదు.
ఇరవై ఏళ్లు మాంసం ఫ్యాక్టరీ చల్లగదిలో
గడ్డకట్టిన ఎద్దుతొడలు మోసిన చేతులు.
నాలుగు వేళ్లూ కలిసి క్లచ్చు లాగగలవు,
రెండు కలిసి చెవిని పట్టలేవు,
గాల్లో ఉప్పు చల్లుతున్నట్టు వణుకుతాయి.
"నెలీదా, మెటికతో నొక్కేదేదైనా పెట్టు" అన్నాడు.
అంతే. మాతే సొరబుర్ర నా చేతికిచ్చి
పెట్రోలు డబ్బా మీద కూర్చున్నాడు.

నా దగ్గరొక బటన్ ఉంది.
వరదలో మునిగిన టాక్సీ డాష్‌బోర్డు నుంచి పీకింది.
మూడు రోజులు నీళ్ల కింద ఉండి
బయటికొచ్చాక ఏమీ ఎరగనట్టు వెలిగింది.
గుండ్రం. చుట్టూ వెండి అంచు.
మధ్యలో ఏవో ఇంగ్లీషు అక్షరాలు,
ఆయన చదవలేడు, నాకూ పట్టదు.

వెనక ఆరు వైర్లు.
రెండు నొక్కుడికి. ఒకటి లోపలి దీపానికి, ఒకటి ఎర్త్‌కి.
మిగిలిన రెండూ కారు కంప్యూటరుకు చాడీలు మోసేవి:
బ్రేకు మీద కాలుందా?
చెవి జేబులో ఉందా?
నువ్వు నువ్వేనా?
ఇక్కడ వినేవాళ్లెవరూ లేరు.
వాటి నోటికి టేపు చుట్టాను.

బటన్ సుకుమారి. స్టార్టరు తాగే కరెంటు
దాని గుండా పోతే చిటికెలో మాడిపోతుంది.
అందుకే మధ్యలో రిలే,
అగ్గిపెట్టెంత నల్లడబ్బా,
చిన్నమాట విని పెద్దపని చేయించే మేస్త్రీ.
పాత వైరింగు విప్పితే
గుడ్డ తొడుగు ఉల్లిపొట్టులా రాలింది,
రంగులన్నీ కలిసి ఒకే మట్టిరంగు.
మీటరు ముల్లు ఆనించి
ఒక్కొక్కదాన్నీ పేరడిగాను.

మోంటెవీడియో పాతబళ్ల క్లబ్బు మనిషి తొంగిచూశాడు.
"పాపం చేస్తున్నావమ్మా. ఒరిజినల్‌గా ఉంటేనే విలువ."
ఒలెగారియో రెండు చేతులూ ఎత్తి చూపించాడు.
"ఇవీ ఒరిజినలే."

నాలుగో సాయంత్రం బటన్ ఎర్రగా వెలిగింది.
నొక్కాడు.
టక్.
మళ్లీ. టక్.
రిలే పిలుస్తోంది, మోటారు పలకట్లేదు.
గంటసేపు నన్ను నేనే తిట్టుకున్నాక తట్టింది,
ఎర్త్ బోల్టు కింద పెయింటు.
పోయినేడు ఆయనే ముచ్చటపడి వేయించిన నల్లరంగు.
వెళ్లిన కరెంటు తిరిగొచ్చే దారిని
ఆ నిగనిగే మూసేసింది.
గరుకు కాగితంతో గీకాను,
పెసో బిళ్లంత పచ్చి ఇనుము బయటపడేదాకా.

ఈసారి మెటిక ఆన్చాడో లేదో
బండి ఒక్కసారి కుడికి ఒరిగి లేచింది.
షెడ్డు రేకులు అదిరాయి. కుక్క బల్ల కింద దూరింది.
ఒలెగారియో ట్యాంకు మీది పాత నొక్కులో
అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు.
అది ఎలా పడిందో ఎవరికీ చెప్పడు,
తీయించనూ తీయించడు.

ఆపాడు. నొక్కాడు. లేచింది. ఆపాడు.
వీధిలో వాళ్లందర్నీ కేకేసి చూపించాడు,
రొట్టెల రమోనాకి, పోస్టు మనిషికి, బడి వదిలిన పిల్లలకి,
తలా ఒక నొక్కు.
"ఇంజిను తిరిగితేగదయ్యా బ్యాటరీ నిండేది" అన్నాను.
వినే మొహమా అది!

పదకొండోసారి దీపం మూలిగి ఆరిపోయింది.

చీకట్లో, నది వైపు వాలులో,
రమోనా, పోస్టు మనిషి, నలుగురు పిల్లలు, నేనూ
మెటికతో లేచే బండిని
భుజాలు పెట్టి నెడుతున్నాం.
రెండో గేరు, ఇప్పుడు క్లచ్చు వదులు, అని అరుస్తున్నాను.
ఆయన వెనక్కి తిరిగి అడుగుతున్నాడు,
నొక్కనా?