దీర్ఘం

మొగల్తూరు అవతల, ఉప్పుటేరుకి ఆనుకుని
ఆరెకరాల రొయ్యల చెరువు.
రాత్రి కాపలా నాది.
పది ఏరియేటర్లు నీళ్లని చిలుకుతుంటాయి,
వాటిలో ఒకటి మాత్రం ఉండుండి దగ్గుతుంది.
మంచె మీద నేను, దోమలబత్తి,
విరిగిన మూతకి రబ్బరు బ్యాండు వేసిన పాత ల్యాప్‌టాప్.

గంటకోసారి ఆక్సిజన్ చూసి పుస్తకంలో ఎక్కించాలి.
మిగిలిన నలభై నిమిషాలూ
ఎవరివో తెలియని ప్రోగ్రాముల్లో తిరుగుతాను.
కోడ్ ముట్టుకోను, అంత చదువు లేదు.
రెండు ఏటవాలు గీతల పక్కన
మనుషులు మనుషులకి రాసుకున్న మాటలుంటాయి.
యంత్రం వాటిని చదవదు.
మా పేట దగ్గర ఆగని బస్సులా
దాటుకుని పోతుంది.
నేను దిగేది అక్కడే.

రిసీవ్‌లో ఐ, ఈ కుర్చీలు మార్చుకుంటాయి.
సెపరేట్ నడుమ ఏ ఉండాల్సిన చోట ఈ.
'ది' పక్కపక్కనే రెండుసార్లు,
రాసినవాడికి కునుకు పట్టిన జాగా అది.
సరిచేసి పంపుతాను.
ఒకాయన విసుక్కున్నాడు, కామాల కోసం తలుపు కొట్టకు అని.
నిజమే. ఆయన పని ఆయనది.

నా పేరు కొల్లాబత్తుల ఏసుపాదం.
డిప్లొమా సర్టిఫికెట్లో ఏసుపదం.
దీర్ఘం ఎవరు మింగారో తెలీదు.
మీసేవకి నాలుగుసార్లు,
నరసాపురంలో నోటరీ,
ఇద్దరూ ఒక్కడే అని అఫిడవిట్.
సైటు ఒప్పుకోవట్లేదు బాబూ, అన్నాడు కుర్రాడు, తల ఎత్తకుండా.
మా అమ్మ నవ్వేసింది:
"పాదం పోతే పోయింది, పదం మిగిలింది కదరా."
నాకప్పుడు నవ్వు రాలేదు.

నిన్న రాత్రి ఒకచోట
"ఈ వరుసని ఇప్పుడు తీసెయ్యాలి" అని ఉంది.
కింద నాలుగు వరుసలు చదివితే అర్థమైంది,
తియ్యకూడదని.
నాట్ అనబోయి నౌ అన్నాడు మహానుభావుడు.
టీకీ డబ్ల్యూకీ మధ్య రెండే మీటలు.
వేలు పెట్టబోయానో లేదో
కరెంటు పోయింది.

చెరువు ఒక్కసారిగా నోరు మూసుకుంది.
ఆ నిశ్శబ్దానికి
ఎంత నిద్రలో ఉన్నా కాళ్లు వాటంతటవే లేస్తాయి.
గట్టు మీద పరిగెత్తి, జారి, పడి, లేచి,
జనరేటర్ హ్యాండిల్ తిప్పితే
మూడోసారికి అందుకుంది.
రొయ్యలు పైకి తేలకముందే
నీళ్లు మళ్లీ తెల్లగా విరిగాయి.

బురద చేతుల్తో మంచె ఎక్కాను.
నౌ చివర చిన్న గీత
ఆరుతూ వెలుగుతూ నా కోసమే కూర్చుంది.
లుంగీకి వేలు తుడుచుకుని
ఒక అక్షరం చెరిపి, ఒకటి కొట్టి
పంపించాను.

కోడి కుయ్యకముందే ఎవరో కలిపేసుకున్నారు.
ఎక్కడివాళ్లో, అఫిడవిట్ అడగలేదు.
చేసినవాడి పేరు కింద పడింది.
ఇంగ్లీషులో రెండు ఏలు పెట్టి రాసుకుంటాను,
ఉన్నాయి రెండూ.

పుస్తకంలో మూడు గంటల గడి
ఖాళీగా ఉండిపోయిందని అప్పుడు చూశాను.
గుర్తున్నంతలో నాలుగు పాయింట్ రెండు అని రాశాను.
మీటర్లో మళ్లీ వెనక్కి వెళ్లి చూసి
కొట్టేసి
మూడు పాయింట్ ఎనిమిది అని దిద్దాను.