ఆనవాలు

ఫారంలో మూడో పేజీ కాడ
నా పెన్ను ఆగింది.
'ఉత్పత్తిదారు పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం.'

జమ్లీబాయి గంప దించి
బాలానగర్ ఆఫీసు మెట్టు మీద కూసుంది.
"ఏ సర్వే నంబరు సారూ?
నేను పెట్టిన చెట్టు కాదది,
మా యాడి పెట్టిందీ కాదు.
గుట్ట పెట్టింది.
మేకలు ముట్టయి, మేం ముడుతం. గంతే."

ఊరి పేరుకు ఇప్పుడు కాపలా కావాలె.
జడ్చర్ల రోడ్డు పక్కన
ఎక్కడినుంచో లారీల దిగిన సీతాఫలాలు
నున్నటి ఒళ్లు, ఒక్కతీరు సైజు,
అట్టపెట్టెల మీద మా మండలం పేరు
నా చేతిరాత కంటే చక్కగ.

"తేడా ఎట్ల రాయాలె?" అనడిగిన.
నాకు కావలసింది తీపి శాతం, గింజల లెక్క,
ల్యాబోళ్ల సంతకం.
ఆమె రెండు కాయలు తీసి నా చేతుల పెట్టింది.
"ఇది ఎండ దిక్కుది. ఇది వాగు దిక్కుది.
దీని కండ్లు తెరిసినయి,
దీనివి ఇంకా నిద్రల ఉన్నయి.
గడ్డిల మాగెయ్యి, రెండొద్దులు."

చిన్నప్పటిసంది తింటున్న.
కాయ నన్ను చూసింది మాత్రం
ఇయ్యాల్నే.

'చారిత్రక ఆధారం' ఇంకో గడి.
పాత గెజిటీర్లు తిరగేసిన,
రైల్వే పార్సిల్ రసీదులు వెతికిన.
ఆమెను అడిగితే మోచెయ్యి చూపింది.
ఎనిమిదో ఏట కొమ్మ ఇరిగి పడ్డ మచ్చ,
దాని కిందనే
కాచిగూడ ప్యాసింజర్ తలుపు కొట్టిన మచ్చ.
అటెస్ట్ చేసే ఆఫీసరు సెలవుల ఉండె.

ముద్ర రావాలంటే సంఘం ఉండాలె,
సంఘంల చేరాలంటే పట్టా ఉండాలె.
గుట్ట పట్టా గుట్ట దగ్గర్నే లేదు,
ఫారెస్టోళ్ల బీరువాల ఉంది.
సభ్యుల జాబితా మాత్రం తయారు:
పదకొండు పేర్లు, అన్నీ కమీషన్ దుకాణాలయి.
టైపు చేసింది నేనే.

"ముద్ర యాడ ఏస్తరు?" అన్నది.
నమూనా స్టిక్కరిచ్చిన.
కాయ మీద ఒత్తింది. ఊడింది.
మళ్ల ఒత్తింది.
గరుకు ఒంటి మీద అంటదు కద,
నవ్వి, నా బల్లకు అంటించి,
పగిలిన కాయొకటి కాయితాల మీదనే పెట్టి
రైలుకు పోయింది.

తెల్లారి వచ్చి చూస్తే
మూడో పేజీకి తీపి మరక.
పేరు గడిలో 'జమ్లీబాయి' అని రాసిన.
సర్వే నంబరు గడి నిండ
చీమలు.