గురువారం మాత్ర

వాన వెలిశాక చూశాను
ఎనిమిదో తరగతి కిటికీ వెనక
మడుగు నీలంగా ఉంది.
ఆకాశం నీడేమో అనుకున్నాను.
పైన సంగడిగుంట మీద మబ్బు ఇంకా వీడనే లేదు.
పుల్లతో కదిపితే
సగం కరిగిన ఐరన్ మాత్రలు,
ఎన్ని గురువారాలో!

రిజిస్టర్‌లో మాత్రం
అందరూ మింగినట్టే నా ఎర్రసిరా టిక్కులు.

కోపంగానే లోపలికెళ్ళాను.
గొంతులు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.
"కడుపులో తిప్పుద్ది టీచర్."
"దొడ్డికెళ్తే నల్లగా వచ్చింది, భయమేసింది."
"పెళ్ళయ్యాక పిల్లలు పుట్టరంట, మా పిన్ని చెప్పింది."
వెనక బెంచీలోంచి సువార్త లేచింది.
"మా అమ్మ తెల్లారకముందే యార్డుకి పోద్ది టీచర్,
మిరపకాయల తొడిమలు తీయడానికి.
పొద్దున పొయ్యి వెలగదు.
ఉత్త కడుపులో ఇనుమెట్టా ఆగుద్ది?"

పద్దెనిమిదేళ్ళుగా రక్తం పాఠం చెబుతున్నాను.
హిమోగ్లోబిన్‌కి ఒత్తు తప్పితే అర మార్కు కోశాను.
ఒక్క పిల్లనైనా అడగలేదు
పొద్దున ఏం తిన్నావని.

మొన్న నర్సమ్మ వేలు గుచ్చి రాసిచ్చిన చీటీలు
పుస్తకాల్లోంచి తీయించాను.
తొమ్మిది. ఎనిమిదిన్నర. పదకొండు. ఏడు.
ఏడు వచ్చిన నాజ్నీన్ మురిసిపోతూ ఉంది.
"పదికి ఏడంటే పాసే కదా టీచర్!"
క్లాసులో ఎవరూ నవ్వలేదు.
పక్కపిల్ల తన చీటీ వంక మళ్ళీ చూసుకుంది.

బోర్డు మీద పన్నెండు అని రాసి కింద గీత గీశాను.
గీత కిందే ఉన్నారు దాదాపు అందరూ,
మెట్లెక్కితే ఆయాసపడేవాళ్ళు,
రెండో పీరియడ్‌కే బెంచీ మీద తల వాల్చేవాళ్ళు,
నేను బద్ధకమని పేరు పెట్టినవాళ్ళు.

"మరి మీదెంత టీచర్?"
సువార్తే.
నా చేతిలో టీ గ్లాసు ఉంది.
నాకు తెలియదు.

తెలుసుకోడానికి నాలుగు రోజులు వాయిదా వేశాను.
అయిదో రోజు వెళ్ళాను పేట ఆసుపత్రికి.
ఎనిమిది పాయింట్ ఆరు.
నలభై మూడేళ్ళ సైన్సు టీచర్ని
సూది దగ్గర కళ్ళు మూసుకున్నాను.

ఇప్పుడు గురువారం మాత్ర
మధ్యాహ్నం అన్నం తిన్నాకే.
ఇంట్లోంచి ఎవరో ఒకరు నిమ్మబద్ద తెస్తారు.
స్ట్రిప్పు తిప్పి గడువు తేదీ పైకి చదవడం నాజ్నీన్ వంతు.
రిజిస్టర్‌లో ఖాళీ గడులూ ఉంటున్నాయి,
పెద్దసారు అడిగితే
అవి నిజం గడులని చెప్పాను.
వానొస్తే కిటికీ వెనక
ఇంకా ఒకటో రెండో నీలం చుక్కలు.

నేనూ వాళ్ళతోనే మింగుతాను.
టీ గ్లాసు వైపు చెయ్యి పోబోతే
ముందు బెంచీ దగ్గుతుంది.
సువార్త నా ఎదురుగా వచ్చి నిలబడి
నడుం మీద చేతులేసుకుని, అచ్చం నాలాగే,
"ఏదీ, నాలిక చూపించండి టీచర్" అంటుంది.

చూపిస్తాను.