రెండు దిండ్ల దూది

ఆదోని పెద్దాస్పత్రిలో
నర్సమ్మ నిన్ను తక్కెట్లో పెట్టి
రెండు కిలోల ఏడొందలనె.
నేను మనసులోనే లెక్కేసుకున్నా:
రెండు దిండ్ల దూది.
ఇంకా పిరికెడు మిగుల్తాది.

నలభై ఏండ్లు తూకమేసిన చేతులమ్మా ఇవి.
యార్డులో బేళ్ళు మోసినాయి,
పెండ్లి పరుపులు మోసినాయి,
మండిగిరిలో మూడో మిద్దె దాకా మలుపులు తిప్పుకుంటా మోసినాయి.
నిన్నెత్తుకోమంటే
లుంగీకి తుడుచుకున్నా, మళ్ళీ తుడుచుకున్నా.
"కూర్చోని ఎత్తుకో, పడేస్తావు" అని
మీ అవ్వ పీరమ్మ గోడకానిచ్చి కూర్చోబెట్టింది,
నేనే పురిటిబిడ్డనైనట్టు.

మౌజను వచ్చి నీ కుడిచెవిలో బాంగు చెప్పిపోయినాడు.
ఆ మాటలు నాకు సగమే తెలుసు.
మనింట్లో దేవునితో మాట్లాడేదీ తెలుగులోనే,
అప్పులోనితో వాదులాడేదీ తెలుగులోనే.
అందరూ టీలకని బయటికి పోయినాక
వంగి మెల్లగా చెప్పినా నీకు:
"ఇది కరెంటు పోయే టైము, బయపడొద్దు.
ఆ దగ్గేది మీ ముత్తవ్వ హుసేనమ్మ, రాత్రంతా దగ్గుతాది.
వాకిట్లో చెప్పులు చేతపట్టుకొని
లోపలికి రానీకి సిగ్గుపడేటోడు మీ నాయన."
నువ్వు ఆవులించినావు.
సగం విన్నట్టు.

ఇంటికొచ్చి
అటక మీంచి దూదేకే విల్లు దించినా.
మిషన్లు వచ్చినప్పుడు ఎక్కిచ్చినది,
ఫోము పరుపులొచ్చినాక మర్చేపోయినది.
నారి తెగింది. మూలన బల్లి గుడ్లు.
కొత్త నారి కట్టి బడితెతో ఒక్క దెబ్బేస్తే
వీధిలో ముసలోళ్ళంతా తలలెత్తినారు,
పిల్లోళ్ళు ఏందది ఏందదని మూగినారు.
టుంయ్... టుంయ్...
మీ అమ్మ మాబున్ని ఈ సద్దుకే నిద్రపోయేది.
ఆపితే లేచి ఏడ్చేది.

"పురిటింట్లో దూగరేందయ్యా, బిడ్డ ముక్కులోకి పోతాది!"
పీరమ్మ చీపురెత్తుకొనింది.
సరేనని మిద్దెక్కినా.
రణమండల కొండకు ఎండ తగలకముందే
గింజ లేని దూది, మచ్చ లేని దూది
పొగ మాదిరి లేచి
గడ్డంలో, కనురెప్పల్లో, చెవుల్లో.
దిగొస్తే, ఎవరో పెద్దమనిషనుకొని
మీ నాయన లేచి నిలబడి సలాం చేసినాడు.

అంగట్లో గుడ్డ వద్దన్నారు, మెత్తబడిన పాతదే మేలని.
పీరమ్మ నీలం చీర, మీ అమ్మ కడుపున పడ్డప్పటిది,
కొంగు చిరిగింది గానీ నడుమ గట్టిగుండాది.
మూడు జానల పొడవు, రెండు జానల వెడల్పు.
నేను కుట్టిన అన్నిట్లోకీ చిన్నది.
బేరమాడేటోళ్ళు లేనిది.
ఒక మూల మాత్రం ఉత్త వదులు కుట్లేసినా,
ఏడాదికోసారి విప్పి ఇంకింత కూరొచ్చని.

పరుపుల పనిలో ఒకే ఒక్క బయముంటాది,
లోపల సూది మిగిలిపోతే?
పెట్టె బోర్లించి లెక్కపెట్టినా.
ఏడు.
నిన్ను పడుకోబెట్టబోతాంటే చెయ్యడ్డం పెట్టి
పరుపంతా అరిచేత్తో ఒత్తి ఒత్తి చూసి
మళ్ళీ లెక్కపెట్టినా.
ఏడే.

నువ్వు నిద్రపోతాండావు.
నేనింకా పెట్టె మూతెయ్యలేదు.