నడిమి చాప

కాజీపేట జంక్షన్ల బండి దిగి
లోకో షెడ్డు గోడెంట వస్తే
మిర్చి బజ్జీల బండికీ సెల్‌ఫోన్ రిపేరు డబ్బాకూ నడుమ
సందనుకొని దాటిపోతరు చానామంది.
అది గేటు.

లోపల నల్లరాతి గుడి.
మార్తమ్మ గుడి అనే అంటది, చర్చి అనదు.
నిజాం రైలు నడిపిన దొరలు కట్టుకున్నరట,
వంతెనలకు పోంగ మిగిలిన రాయితోని.
ముందు బెంచీలకు ఇత్తడి బిళ్ళలుండె:
ఇంజినీరు దొర, గార్డు దొర, గార్డు దొర భార్య.
మా తాత గంట కొట్టేటోడు.
తాడు బయటికెళ్ళే గుంజాలని
గోడకు బొక్క పెట్టిచ్చిన్రు.
ఇరవై రెండేండ్లు కొట్టిండు,
గంటను చూడలే.

ఇప్పుడా బొక్కలకెళ్ళి మైకు వైరు పోతది.

దొరలు పోయిన్రు. బెంచీలు చెదలు తిన్నయ్.
రెండు మిగిలినయ్, మోకాళ్ళ నొప్పులోళ్ళకు.
కడమోళ్ళందరికి ఈత చాపలు:
ఎడమకు ఆడోళ్ళు, కుడికి మొగోళ్ళు,
నడుమ దారి ఖాళీగ,
పెండ్లిపిల్లకు, శవపెట్టెకు.

ఒక ఐతారం సిర్పూరు ప్యాసింజరు దిగి
నీలవేణి వచ్చింది.
బోగీలల్ల చప్పట్లు కొట్టి, దీవించి,
పది రూపాయలడిగే నీలవేణి.
గడప కాడ చెప్పులిడిసి
ఎడమకు చూసింది. కొంగులు సర్దుకున్నయ్.
కుడికి చూసింది. దగ్గులు మొదలైనయ్.
అయ్యగారు కీర్తన నంబరు రెండుసార్లు చెప్పిండు.
నేను కండ్లు మూసుకున్న,
ప్రార్థన కోసం కాదు.

అప్పుడు లేచింది మార్తమ్మ.
పుట్టుడు సమ్మక్క, బాప్తిస్మంల మార్తమ్మ,
పింఛను కాయితంల ఇప్పటికీ సమ్మక్కనే.
జాతర ఏడు మేడారం బస్సు దొరకనోళ్ళకు
గుడి వరండా ఊడ్చిచ్చే మనిషి.
వాళ్ళ బంగారం ముద్దల నుంచి
తెల్లారేసరికి చీమలు బారు కట్టి బల్ల దాక పోతే
"వీటికి గూడ బాప్తిస్మం అడుగుతవా అయ్యా"
అన్న మనిషి.

చంకల చాప.
నడి దారిల పరిచింది, బల్లకు ఎదురుంగ.
కూసో బిడ్డా అనలే.
తనే కూసుంది ముందుగాల,
పక్కన జాగ తట్టింది.
గాజు రాతికి తాకి టక్కుమన్నది.

ఆ పొద్దు మూడో చరణంల
గూడ్సు బండి వచ్చి మా అందరి పాట మింగింది.
బోగీ కొస దాక ఇనపడాలని సానబట్టిన గొంతు
ఒక్కటే దాని మీద తేలింది.

కమిటీల లొల్లి అయింది, అబద్ధమెందుకు.
పెండ్లిపిల్ల ఏడికెళ్ళి నడుస్తదన్నరు.
"చుడితే చంకల పడ్తది, పరిస్తే నలుగురు పడ్తరు,
మీకేం బరువయ్యింది?"
జవాబు చెప్పినోడు లేడు.
ఇద్దరు మాత్రం వేరే సంఘానికి పోయిన్రు.

అటెన్క ఆ చాప మీద
ఎనుమాముల యార్డు హమాలీ ఒకడు కూసున్నడు,
అంగీ దులిపితే గుడంత తుమ్మింది.
రాత్రి డ్యూటీ దిగిన నర్సు ఒకామె
వాక్యం అయ్యేదాక నిద్రపోయింది,
ఎవ్వలు లేపలే.

నేను ఏండ్లకేండ్లు కుడి దిక్కే కూసున్న.
మొన్న ఆలస్యమైంది,
అదొక్కటే జాగ ఉండె.
కూసోని తలెత్తితే,
నడిమిట్ల మాత్రమే పైకప్పు తెరిసి ఉంటదని
అప్పటిదాక నాకు ఎరుక లేదు,
గంట కనపడ్డది.

చిన్నదే.
తాడు బరువు పట్టి
మా తాత అనుకున్నంత పెద్దదేం కాదు.